లైసెన్సు లేని కోచ్, లెక్క తేలని సొమ్ము: ఫ్రాంజ్ బెకెన్‌బాయర్ జీవితంలోని చిక్కుముడులు

2024 జనవరి 5న బ్రెజిల్ ఫుట్‌బాల్ దిగ్గజం మారియో జగాలో, 7న జర్మనీకి చెందిన ఫ్రాంజ్ బెకెన్‌బాయర్ కన్నుమూశారు. ఆటగాడిగానూ, కోచ్‌గానూ పురుషుల ప్రపంచ కప్‌ను గెలుచుకున్నవారు చరిత్రలో ముగ్గురే ఉండగా, వారిలో ఇద్దరు మూడు రోజుల వ్యవధిలో మరణించడంతో ప్రపంచవ్యాప్తంగా పత్రికలు నివాళులతో నిండిపోయాయి. అయితే బెకెన్‌బాయర్ గురించి వచ్చిన రాతలను పక్కపక్కన పెట్టి చదివినవారికి కొంత అయోమయం కలగక తప్పదు. డిఫెండర్ల వెనక ఆడే లిబెరో స్థానాన్ని ఆయనే కనిపెట్టారని ఒకచోట ఉంటే, అది అంతకుముందే ఇటలీలో ఉండేదని మరొకచోట ఉంది. ఆయన గొప్ప కోచ్ అని ఒకరు రాస్తే, ఆయనకు కోచ్ లైసెన్సే లేదని మరొకరు రాశారు. 2006 ప్రపంచ కప్‌ను జర్మనీకి తెచ్చిపెట్టిన ఘనత ఆయనదేనన్న వాక్యం వెంటే, ఆ పోటీల చుట్టూ నడిచిన లక్షల యూరోల వివాదం ప్రస్తావన కూడా ఉంది.

ఇవన్నీ ఒకదానితో ఒకటి పొసగని మాటల్లా కనిపిస్తాయి. ఆటలోనూ, కోచింగ్‌లోనూ, పరిపాలనలోనూ బెకెన్‌బాయర్ ఎక్కువగా ఇతరులకు ఉండే బాధ్యతల నుంచి మినహాయింపు పొందిన స్థానాల్లోనే పనిచేశారు. ఆ బాధ్యతలను ఆయన వెనక ఎవరు మోశారన్నది వెతికితే చాలా చిక్కుముడులు విడిపోతాయి. అన్నీ మాత్రం కాదు.

ముగ్గురి రికార్డులో ఉన్న తేడా

ముందుగా రికార్డు సంగతి. జగాలో 1958, 1962 ప్రపంచ కప్‌లను ఆటగాడిగా గెలిచి, 1970లో పీలే ఆడిన జట్టుకు కోచ్‌గా మరోసారి గెలిచారు. బెకెన్‌బాయర్ 1974లో పశ్చిమ జర్మనీ జట్టుకు కెప్టెన్‌గా, 1990లో అదే జట్టుకు సారథ్యం వహించిన శిక్షకుడిగా గెలిచారు. మూడోవాడు ఫ్రాన్స్‌కు చెందిన దిదియె దెషాంప్. 1998లో ఆయన కెప్టెన్, 2018లో కోచ్. జగాలో ఎన్నడూ ప్రపంచ కప్ గెలిచిన జట్టుకు కెప్టెన్ కాదు కాబట్టి, కెప్టెన్‌గానూ, శిక్షకుడిగానూ కప్పు అందుకున్న మొదటి వ్యక్తి బెకెన్‌బాయరే అవుతారు. కాకపోతే 1990లో ఆయన హోదా పేరు కోచ్ కాదు. దాని సంగతి తర్వాత చూద్దాం.

లిబెరో అంటే ఏమిటి, ఆయన కొత్తగా చేసిందేమిటి

1960ల నాటి యూరప్ ఫుట్‌బాల్‌లో రక్షణ అంటే ప్రధానంగా మ్యాన్ మార్కింగ్. ప్రత్యర్థి జట్టులో ఒక్కొక్క ఫార్వర్డ్‌ను ఒక్కొక్క డిఫెండర్‌కు అప్పగిస్తారు. అతడు ఎక్కడికి పరుగెత్తితే ఇతడూ అక్కడికే పరుగెత్తాలి. ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. ఒక్క డిఫెండర్ మోసపోయినా ఫార్వర్డ్‌కూ గోల్‌కీపర్‌కూ మధ్య ఇంకెవరూ మిగలరు. అందుకే డిఫెండర్ల వెనక ఎవరినీ మార్క్ చేయాల్సిన పనిలేని ఒక అదనపు ఆటగాణ్ని నిలబెట్టే అలవాటు మొదలైంది. స్విట్జర్లాండ్‌లో కార్ల్ రాపన్ 1930లలోనే ఇలాంటి ఏర్పాటు చేశారు. ఇటలీలో హెలెనియో హెర్రెరా శిక్షణలోని ఇంటర్ మిలాన్ జట్టులో అర్మాండో పిక్కీ ఆ స్థానంలో ప్రసిద్ధుడు. ఇటలీవారు ఆ ఆటగాణ్ని లిబెరో అన్నారు, ఇంగ్లీషువారు స్వీపర్ అన్నారు. కాబట్టి ఆ స్థానాన్ని బెకెన్‌బాయర్ కనిపెట్టారన్న మాట అక్షరాలా నిజం కాదు.

ఆయన మార్చింది ఆ స్థానంలో చేసే పనిని. పిక్కీ తరహా లిబెరో ప్రధాన కర్తవ్యం వెనకే ఉండి, ముందువాళ్లు వదిలేసిన ప్రమాదాన్ని తుడిచిపెట్టడం. బెకెన్‌బాయర్ అక్కడి నుంచే దాడిని మొదలుపెట్టారు. ఈ ఆలోచన ఎలా కలిగిందన్న ప్రశ్నకు ఆయనే చెప్పిన జవాబు ఇంటర్ మిలాన్ ఎడమ వైపు డిఫెండర్ జాచింతో ఫాకెట్టి. అంచు వెంబడి ముందుకు దూసుకెళ్లి గోల్స్ చేసే డిఫెండర్ అతడు. అంచున సాధ్యమైనది మైదానం మధ్యలో ఎందుకు సాధ్యం కాదన్నది బెకెన్‌బాయర్ ప్రశ్న.

ఇది ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ప్రత్యర్థి దాడి విఫలమై బంతి లిబెరో కాళ్ల దగ్గరకు వచ్చిందనుకుందాం. మైదానంలో ప్రతి ఆటగాడికీ ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు, ఎందుకంటే ఇరు జట్లూ మ్యాన్ మార్కింగే చేస్తున్నాయి. లిబెరో ఎవరినీ మార్క్ చేయడం లేదు కనుక, అతణ్ని మార్క్ చేసేవాడూ లేడు. అతడు బంతితో మధ్య గీత దాటి నడిచి వస్తే ప్రత్యర్థి మిడ్‌ఫీల్డర్ ముందు రెండే దారులుంటాయి. తన మనిషిని వదిలేసి లిబెరోకు అడ్డు వెళ్తే ఆ వదిలేసినవాడికి పాస్ అందుతుంది. వెళ్లకపోతే లిబెరో గోల్ దగ్గరి దాకా వచ్చి తానే షాట్ కొడతాడు, లేదా ఎదురుగా ఉన్న సహచరుడితో బంతి ఇచ్చిపుచ్చుకుని లోపలికి చొచ్చుకుపోతాడు. ఆయన క్లబ్బు బయర్న్ మ్యూనిక్‌లో ఆ ఎదురుగా ఉండే సహచరుడు గెర్డ్ ముల్లర్ కావడం వల్ల ఈ ఎత్తుగడ దాదాపు అడ్డుకోలేనిదిగా మారింది.

అయితే అలా ముందుకు వెళ్లినప్పుడు ఖాళీ అయిన చోటును ఎవరు కాపాడతారు? బయర్న్‌లోనూ, జాతీయ జట్టులోనూ ఆ పని హాన్స్-గెయోర్గ్ ష్వార్జెన్‌బెక్‌ది. జర్మన్ పత్రికలు ఆయనకు చక్రవర్తిగారి వెనక శుభ్రం చేసేవాడన్న అర్థంలో ఒక పేరు పెట్టాయి. బెకెన్‌బాయర్‌కు కైజర్, అంటే చక్రవర్తి, అన్న బిరుదు అప్పటికే స్థిరపడింది మరి. ఇందులో ష్వార్జెన్‌బెక్‌పై చిన్నచూపు ఉందనిపిస్తుంది, కానీ ఐరోపా క్లబ్బుల పోటీ అయిన యూరోపియన్ కప్ 1974 ఫైనల్లో అట్లెటికో మాడ్రిడ్ చేతిలో ఓటమి ఖాయమైన స్థితిలో, అదనపు సమయం చివరి క్షణాల్లో, దూరం నుంచి షాట్ కొట్టి స్కోరు సమం చేసింది ఆ శుభ్రం చేసేవాడే. రెండు రోజుల తర్వాత మళ్లీ ఆడిన ఫైనల్‌ను బయర్న్ 4-0తో గెలిచింది. 1975లో లీడ్స్‌పై, 1976లో సెయింట్ ఎతియెన్‌పై గెలిచి ఆ కప్పును వరసగా మూడుసార్లు సొంతం చేసుకుంది. ఆ మొదటి కప్పు, ఆ షాట్ లేకపోతే, బహుశా లేదు.

బెకెన్‌బాయర్ మొదటి నుంచీ లిబెరోగా ఆడలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 1945 సెప్టెంబర్ 11న మ్యూనిక్‌లో, గీసింగ్ అనే కార్మిక ప్రాంతంలో, తపాలా ఉద్యోగి ఇంట్లో పుట్టిన ఆయన 1964లో బయర్న్ సీనియర్ జట్టు తరఫున తొలి మ్యాచ్ ఆడింది ఎడమ వైపు దాడి చేసే ఆటగాడిగా. అప్పటికి బయర్న్ జర్మనీ అగ్రశ్రేణి లీగ్ అయిన బుందెస్‌లీగాలోనే లేదు. 1963లో ఆ లీగ్ మొదలైనప్పుడు మ్యూనిక్ నగరం నుంచి చోటు దక్కింది 1860 మ్యూనిక్ అనే మరో క్లబ్బుకు. బాలుడిగా ఆయన చేరాలనుకున్నదీ 1860లోనే. ఒక బాలల మ్యాచ్‌లో ఆ క్లబ్బు ఆటగాడు చెంపదెబ్బ కొట్టడంతో మనసు మార్చుకుని బయర్న్‌లో చేరారు. జర్మన్ ఫుట్‌బాల్ చరిత్రలో ఇంత ఖరీదైన చెంపదెబ్బ మరొకటి లేదు.

1966 ప్రపంచ కప్‌లో 20 ఏళ్ల బెకెన్‌బాయర్ మిడ్‌ఫీల్డర్. నాలుగు గోల్స్ చేసి ఫైనల్ దాకా వచ్చినవాణ్ని, ఆ ఫైనల్లో ఇంగ్లాండ్ ఆటగాడు బాబీ చార్ల్‌టన్‌ను మార్క్ చేయమని కోచ్ హెల్ముట్ షోన్ ఆదేశించారు. ఇంగ్లాండ్ కూడా చార్ల్‌టన్‌కు బెకెన్‌బాయర్‌నే చూసుకోమని చెప్పింది. రెండు జట్లలోనూ అత్యంత సృజన ఉన్న ఇద్దరూ ఒకరినొకరు కాచుకోవడంలోనే రోజంతా గడిపారు. ఇంగ్లాండ్ అదనపు సమయంలో 4-2తో గెలిచింది. గొప్ప ఆటగాడికి కాపలా పని అప్పగిస్తే ఏం కోల్పోతామో ఆ రోజు తేలింది. ఇరవై ఏళ్ల తర్వాత, శిక్షకుడి స్థానంలో ఉండి, బెకెన్‌బాయర్ సరిగ్గా ఇదే పని చేయబోతున్నారు.

1974లో జట్టును నడిపింది కెప్టెనా, కోచా

1972 యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌ (యూరో)ను కెప్టెన్‌గా గెలిచిన బెకెన్‌బాయర్‌పై 1974లో సొంతగడ్డ అంచనాల బరువు ఉంది. టోర్నీకి ముందు మాలెంతె శిబిరంలో బోనస్ సొమ్ముపై ఆటగాళ్లకూ, జర్మన్ ఫుట్‌బాల్ సమాఖ్య అయిన డీఎఫ్‌బీకీ మధ్య బేరసారాలు ఎంత ముదిరాయంటే, షోన్ ఒక దశలో అందరినీ ఇంటికి పంపేయాలనుకున్నారు. ఆటగాళ్ల పక్షాన మాట్లాడింది బెకెన్‌బాయర్. జూన్ 22న హాంబర్గ్‌లో తూర్పు జర్మనీ చేతిలో 0-1తో ఓడిపోయాక షోన్ మానసికంగా కుంగిపోయారని, జట్టు ఎంపిక నుంచి వ్యూహం దాకా కెప్టెనే చేతుల్లోకి తీసుకున్నారని ఒక కథనం బలంగా ప్రచారంలో ఉంది.

ఈ కథనాన్ని పూర్తిగా నమ్మనివారి వాదన ఏమిటంటే, షోన్ ఎప్పుడూ సీనియర్ ఆటగాళ్లతో సంప్రదించే కోచ్. 1972లోనూ అదే పద్ధతి. ఓటమి తర్వాత రైనర్ బోన్‌హోఫ్ వంటివారిని జట్టులోకి తీసుకున్న నిర్ణయంలో బెకెన్‌బాయర్ మాట చెల్లి ఉండవచ్చు, అంతమాత్రాన కోచ్ పదవి చేతులు మారిందనడం అతిశయోక్తి. నాకు రెండో వాదనే సబబుగా తోస్తుంది. అయితే ఒక పరిణామం మాత్రం కాదనలేనిది: జులై 7న మ్యూనిక్ ఫైనల్లో నెదర్లాండ్స్‌పై 2-1 విజయం తర్వాత, శిక్షణ పట్టా ఏదీ లేకుండానే, ఈయన జట్టును నడపగలడన్న నమ్మకం జర్మనీలో నాటుకుంది. పదేళ్ల తర్వాత డీఎఫ్‌బీ తీసుకున్న నిర్ణయానికి పునాది అక్కడే ఉంది.

మిగతా ఆట జీవితాన్ని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1976 యూరో ఫైనల్ ఆయనకు 100వ అంతర్జాతీయ మ్యాచ్. చెకోస్లొవేకియా పెనాల్టీలలో గెలిచింది. మరుసటి ఏడాది, పన్ను అధికారుల దర్యాప్తు చుట్టుముట్టిన సమయంలో, న్యూయార్క్ కాస్మోస్‌కు వెళ్లి పీలేతో కలిసి ఆడారు. దాంతో జాతీయ జట్టులో ఆయన ఆట 103 మ్యాచ్‌ల వద్ద ఆగిపోయింది. 1980లో తిరిగి వచ్చి హాంబర్గ్ జట్టులో చేరి 1982లో లీగ్ టైటిల్ అందుకున్నారు. బుందెస్‌లీగాలో మొత్తం 424 మ్యాచ్‌లు, 44 గోల్స్. ఐరోపా ఉత్తమ ఆటగాడి పురస్కారం బాలన్ డోర్ 1972లోనూ, 1976లోనూ.

లైసెన్సు లేనివాడు జాతీయ జట్టుకు శిక్షకుడెలా అయ్యాడు

జర్మనీలో పెద్ద క్లబ్బుకు కోచ్ కావాలంటే అప్పట్లో ఫుస్‌బాల్ లేరర్ అనే పట్టా ఉండాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1947లో, కొలోన్ నగరంలోని క్రీడా విద్యాసంస్థలో సెప్ హెర్బెర్గర్ ఆధ్వర్యంలో ఆ కోర్సు మొదలైంది. శరీరధర్మ శాస్త్రం, బోధన పద్ధతులు, వ్యూహం, క్షేత్రస్థాయి అభ్యాసం అన్నీ నేర్చి పరీక్ష రాయాలి. ఎంత పెద్ద ఆటగాడైనా ఈ దారిలోనే రావాలన్నది జర్మన్ వ్యవస్థ గర్వంగా చెప్పుకునే నియమం.

1984 యూరోలో పశ్చిమ జర్మనీ చివరి నిమిషంలో స్పెయిన్ కొట్టిన గోల్‌తో తొలి దశలోనే ఇంటిదారి పట్టింది. కోచ్ యుప్ దెర్వాల్ తప్పుకున్నారు. ఆట మానేసి కొద్ది కాలమే అయిన బెకెన్‌బాయర్ అప్పుడు బిల్డ్ పత్రికలో వ్యాఖ్యాతగా రాస్తున్నారు. బాధ్యత తీసుకోవడానికి సిద్ధమన్న ఆయన మాటను ఆ పత్రికే పతాక శీర్షిక చేసింది. ప్రజల్లో ఆయనకున్న ఆదరణ ముందు డీఎఫ్‌బీ అధ్యక్షుడు హెర్మన్ నోయ్‌బెర్గర్‌కు నియమం అడ్డొచ్చింది. పరిష్కారంగా టీమ్‌షెఫ్ అనే కొత్త హోదా పుట్టింది, అంటే జట్టు అధిపతి. కాగితం మీద శిక్షకుడి బాధ్యతకు లైసెన్సు ఉన్న సహాయకుడు ఉంటాడు: మొదట హోర్స్ట్ కోపెల్, 1987 నుంచి హోల్గర్ ఓసియెక్. ఎంపిక, వ్యూహం, ప్రజలకు సమాధానం చెప్పడం బెకెన్‌బాయర్ పని. రోజువారీ కసరత్తుల రూపకల్పన, ప్రత్యర్థుల అధ్యయనం ఎక్కువగా సహాయకులది. ఆట మైదానంలో ష్వార్జెన్‌బెక్‌తో ఉన్న ఏర్పాటే ఇక్కడ కార్యాలయ రూపంలో తిరిగి వచ్చింది.

ఇది ఒక్కసారి జరిగిన వింత కూడా కాదు. 2000లో లైసెన్సు లేని రూడీ ఫోలర్‌ను అదే టీమ్‌షెఫ్ హోదాలో నియమించి, పట్టా ఉన్న మిఖాయెల్ స్కిబ్బెను పక్కన ఉంచారు. ఆ జోడీ 2002 ప్రపంచ కప్ ఫైనల్ దాకా వెళ్లింది. 2004లో వచ్చిన యుర్గెన్ క్లిన్స్‌మన్ నాటికి ఈ మెలిక అవసరం లేకపోయింది, ఎందుకంటే మాజీ అంతర్జాతీయ ఆటగాళ్ల కోసం నడిపిన ప్రత్యేక కోర్సులో ఆయన పట్టా తీసుకున్నారు. తన సహాయకుడిగా, తర్వాత వారసుడిగా వచ్చిన యోఆఖిమ్ లోవ్‌తో పరిచయం బలపడింది ఆ తరగతి గదిలోనే.

ఒకే ప్రత్యర్థి, రెండు ఫైనల్స్: శిక్షకుడిగా ఆయన నేర్చుకున్నదేమిటి

టీమ్‌షెఫ్‌గా బెకెన్‌బాయర్ 66 మ్యాచ్‌లకు బాధ్యత వహించారు. మొదటిది 1984 సెప్టెంబర్ 12న, ఆయన 39వ పుట్టినరోజు మర్నాడు. అర్జెంటీనా చేతిలో 1-3 ఓటమి. 1985లో పోర్చుగల్ చేతిలో ఓడినప్పుడు ప్రపంచ కప్ అర్హత పోటీల చరిత్రలో పశ్చిమ జర్మనీకి అదే తొలి పరాజయం. 1986లో మెక్సికోకు వెళ్లిన జట్టుపై ఆయనకే పెద్ద నమ్మకం లేదు. శిబిరంలో గొడవలు ఎంతవరకు వెళ్లాయంటే, గోల్‌కీపర్ ఉలీ స్టైన్, బెకెన్‌బాయర్ యవ్వనంలో నటించిన సూప్ ప్రకటనను గుర్తుచేస్తూ ఎగతాళి పేరు పెట్టినందుకు టోర్నీ మధ్యలోనే స్వదేశానికి విమానం ఎక్కాల్సి వచ్చింది. అయినా ఆ జట్టు మొరాకోను ఆట చివర్లో లోథార్ మథాయిస్ ఫ్రీకిక్‌తో, మెక్సికోను పెనాల్టీలతో, ఫ్రాన్స్‌ను 2-0తో దాటి ఫైనల్ చేరింది.

ఆ ఫైనల్‌ను, నాలుగేళ్ల తర్వాతి ఫైనల్‌ను దూరదర్శన్‌లో చూసినవారికి రెండింటిలోనూ ఎదుట ఉన్నది డీగో మారడోనా అన్నది గుర్తుండే ఉంటుంది. ఒకే శిక్షకుడు ఒకే సమస్యను నాలుగేళ్ల ఎడంలో రెండు రకాలుగా పరిష్కరించడానికి ప్రయత్నించడం క్రీడల్లో అరుదుగా దొరికే పోలిక.

1986 జూన్ 29, అజ్‌టెకా స్టేడియం. మారడోనాను మార్క్ చేసే పనిని మథాయిస్‌కు అప్పగించారు. జట్టులో అంతటి ఓపిక, వేగం, చురుకుదనం ఉన్నవాడు మరొకడు లేడన్నది కారణం. మారడోనా నిజంగానే గోల్ చేయలేకపోయాడు. కానీ దానికి చెల్లించిన ధర ఏమిటి? పశ్చిమ జర్మనీ దాడులకు ఇంజన్ లాంటివాడు మారడోనా వెంట తిరగడంతోనే సరిపోయింది. గోల్‌కీపర్ షూమాకర్ పొరపాటుతో బ్రౌన్, ఎదురుదాడిలో వల్దానో గోల్స్ చేసి అర్జెంటీనాను 2-0 ఆధిక్యంలో నిలబెట్టారు. అప్పుడు మారడోనాను కార్ల్‌హైన్జ్ ఫోర్‌స్టర్‌కు అప్పగించి మథాయిస్‌ను వదిలారు. కార్నర్ కిక్‌ల నుంచి రుమెనిగె, ఫోలర్ చెరొక గోల్ చేసి 2-2 చేశారు. స్కోరు సమమయ్యాక వెనక్కి తగ్గి అదనపు సమయం కోసం చూడాల్సిన జట్టు మూడో గోల్ కోసం ముందుకు దూకింది. మారడోనా ఒక్క క్షణం ఖాళీ దొరకగానే వేసిన పాస్‌తో బుర్రుచాగా విజయగోల్ చేశాడు. 1966లో చార్ల్‌టన్ దగ్గర తనకు జరిగిందే మథాయిస్‌కు చేశానని బెకెన్‌బాయర్‌కు తోచి ఉండకపోతే ఆశ్చర్యమే.

1990 జులై 8, రోమ్. ఈసారి మారడోనాను గైడో బుఖ్‌వాల్డ్‌కు అప్పగించారు. పొడవైన కాళ్లతో, అలుపెరగక వెంటాడే ఈ డిఫెండర్‌ను కాపలాకు కేటాయించినా జట్టు దాడికి ఏ లోటూ రాదు. వెనక క్లౌస్ ఔగెన్‌థాలర్ లిబెరో, పక్కన యుర్గెన్ కోలర్. రెండు అంచుల్లో బెర్తోల్డ్, బ్రెహ్మె. కెప్టెన్ మథాయిస్‌కు మధ్యలో పూర్తి స్వేచ్ఛ. అర్జెంటీనాకు గోల్ వైపు కొట్టే అవకాశమే దాదాపు రాలేదు. మోన్‌జోన్‌కు రెడ్ కార్డు పడింది, ప్రపంచ కప్ ఫైనల్లో అదే మొదటిది. చివర్లో దెజోత్తి కూడా బయటికి వెళ్లాడు. 85వ నిమిషంలో వచ్చిన పెనాల్టీని బ్రెహ్మె గోల్‌గా మలిచాడు. మామూలుగా పెనాల్టీ కొట్టే మథాయిస్ మధ్యలో బూట్లు మార్చుకోవాల్సి రావడంతో ఆ బాధ్యతను వదులుకున్నాడు.

వ్యూహం బాగుంది, నిజమే. కానీ అర్జెంటీనా ఆ రోజు కనీజియా సహా నలుగురు ఆటగాళ్లు సస్పెన్షన్‌లో ఉండగా ఆడిందనీ, పెనాల్టీ నిర్ణయంపై ఇప్పటికీ వాదన ఉందనీ కూడా చెప్పాలి. ఆటగా చూస్తే అది మెచ్చుకోదగ్గ ఫైనల్ కాదు. ఒక పద్ధతి మరొక పద్ధతిని ఊపిరాడకుండా చేసిన మ్యాచ్.

విజయంలో వాటా ఎవరిది

1990 విజయం బెకెన్‌బాయర్ ప్రతిభకు నిదర్శనమా, లేక మంచి తరం ఆటగాళ్లు దొరకడమా అన్న చర్చకు రెండు వైపులా బలమైన ఆధారాలున్నాయి. మథాయిస్, బ్రెహ్మె, క్లిన్స్‌మన్ ముగ్గురూ అప్పుడు ఇంటర్ మిలాన్ ఆటగాళ్లు. పశ్చిమ జర్మనీ ఆ టోర్నీలో ఆడిన ఏడు మ్యాచ్‌లలో మొదటి ఐదూ వారి సొంత మైదానమైన మిలాన్ సాన్ సీరోలోనే జరిగాయి. ఫోలర్, బెర్తోల్డ్ రోమా ఆటగాళ్లు, ఫైనల్ రోమ్‌లో. ఇంగ్లాండ్‌తో సెమీఫైనల్ పెనాల్టీల దాకా వెళ్లింది. రెండు కిక్కులు అటూఇటూ అయితే ఈ వ్యాసానికి అవసరమే ఉండేది కాదు. 1988 యూరోను సొంతగడ్డపై ఆడి సెమీఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో ఓడినదీ ఈయన జట్టే.

మరోవైపు, 1990 తర్వాత బాధ్యత తీసుకున్న బెర్తి ఫోగ్‌ట్స్ అనుభవం బెకెన్‌బాయర్ పక్షాన నిలుస్తుంది. ఫోగ్‌ట్స్‌కు ఏళ్ల తరబడి డీఎఫ్‌బీ యువజట్లకు శిక్షణ ఇచ్చిన అనుభవం ఉంది, తూర్పు జర్మనీ ఆటగాళ్లు కూడా తోడయ్యారు. ఏకమైన జర్మనీని ఏళ్ల తరబడి ఎవరూ ఓడించలేరని బెకెన్‌బాయర్ వెళ్తూ వెళ్తూ అన్న మాట ఫోగ్‌ట్స్ మెడకు గుదిబండ అయింది. 1992 యూరో ఫైనల్లో డెన్మార్క్ చేతిలో, 1994 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో బల్గేరియా చేతిలో ఓడి, 1996లో గానీ ఆయన యూరో గెలవలేదు. ఆటగాళ్ల నాణ్యత ఒక్కటే సరిపోదన్నది దీన్నిబట్టి తెలుస్తుంది. పట్టా ఉన్నంత మాత్రాన అధికారం దానంతట అదే రాదన్నదీ తెలుస్తుంది.

క్లబ్బు స్థాయిలో శిక్షకుడిగా బెకెన్‌బాయర్ పనిచేసిన కాలం చాలా తక్కువ. 1990 శరదృతువులో మార్సెయికి వెళ్లి కొద్ది నెలల్లోనే శిక్షకుడి కుర్చీని రేమోన్ గోతాల్స్‌కు వదిలేశారు. బయర్న్‌లో 1994 జనవరిలో ఎరిక్ రిబ్బెక్ స్థానంలో వచ్చి ఆ సీజన్ లీగ్ టైటిల్ గెలిచారు. 1996 ఏప్రిల్‌లో, అప్పటికి క్లబ్బు అధ్యక్షుడిగా ఉండి, ఒట్టో రెహాగెల్‌ను తొలగించి తానే దిగి యూఈఎఫ్ఏ కప్ ఫైనల్లో బోర్దోను ఓడించారు. రెండూ ఇతరులు కట్టిన జట్లతో, కొన్ని వారాలు లేదా నెలల్లో పూర్తయిన పనులు. ఒక జట్టును ఏళ్ల తరబడి రోజువారీ శిక్షణతో తీర్చిదిద్దిన యుప్ హైంకెస్ వంటివారితో ఆయన్ని పోల్చడానికి సరైన కొలమానం లేదనే చెప్పాలి. చేసిన ఉద్యోగాలే వేరు.

2006 ప్రపంచ కప్: ఓటు, సొమ్ము, కాలదోషం

ఇక అన్నిటికంటే చిక్కైన భాగం. ఇందులో రెండు విడి సంఘటనలున్నాయి, వాటిని కలిపేయడం వల్లే చాలామంది పొరబడుతున్నారు.

మొదటిది ఓటింగ్. 2000 జులై 6న జ్యూరిక్‌లో ఫిఫా కార్యవర్గంలోని 24 మంది ఓటు వేయాలి. చివరి రౌండ్‌లో జర్మనీకి 12, దక్షిణాఫ్రికాకు 11. ఓషియానియా ప్రతినిధి చార్లెస్ డెంప్సీ, దక్షిణాఫ్రికాకు వేయమని తన సమాఖ్య చెప్పినా, ఓటు వేయకుండా ఉండిపోయారు. ఆయన వేసి ఉంటే 12-12. అప్పుడు నిర్ణాయక ఓటు అధ్యక్షుడు సెప్ బ్లాటర్‌ది, ఆయన ఆఫ్రికా వైపు మొగ్గుతారని అందరి అంచనా. అంటే ఒక్క ఓటే అంతా మార్చింది. జర్మనీ బిడ్‌కు నాయకుడు, ప్రపంచమంతా తిరిగి ప్రచారం చేసిన ముఖం బెకెన్‌బాయర్. ఓటింగ్‌కు నాలుగు రోజుల ముందు కార్యవర్గ సభ్యుడు జాక్ వార్నర్‌కు చెందిన ప్రాంతీయ సమాఖ్యకు రకరకాల సౌకర్యాలు కల్పిస్తామన్న ముసాయిదా ఒప్పందంపై ఆయన సంతకం ఉందని 2015లో బయటపడింది.

రెండోది డబ్బు. 2015 అక్టోబర్‌లో డెర్ ష్పీగెల్ పత్రిక బయటపెట్టిన కథనం తర్వాత ఫ్రెష్‌ఫీల్డ్స్ అనే న్యాయ సంస్థ జరిపిన దర్యాప్తులో తేలిన క్రమం ఇది. 2002లో బెకెన్‌బాయర్, ఆయన మేనేజర్ రాబర్ట్ ష్వాన్‌ల ఖాతా నుంచి 60 లక్షల స్విస్ ఫ్రాంకులు స్విట్జర్లాండ్ న్యాయవాదుల ద్వారా ఖతార్‌కు వెళ్లాయి. ఆ తర్వాత అడిడాస్ మాజీ అధిపతి రాబర్ట్ లూయి-డ్రెఫస్ కోటి ఫ్రాంకులు ఇచ్చారు: అందులో 60 లక్షలు బెకెన్‌బాయర్ పక్షానికి తిరిగి వచ్చాయి, 40 లక్షలు ఖతార్‌కు చేరాయి. అంటే అసలు అప్పిచ్చింది డ్రెఫస్, చివరికి అందుకున్నది ఖతార్‌లో ఫిఫా కార్యవర్గ సభ్యుడు మొహమ్మద్ బిన్ హమ్మామ్‌కు చెందిన కంపెనీ, మధ్యలో దారి అయింది బెకెన్‌బాయర్. 2005లో డీఎఫ్‌బీ 67 లక్షల యూరోలను ప్రపంచ కప్ ప్రారంభోత్సవ వేడుక ఖర్చు పేరుతో ఫిఫాకు పంపగా, ఫిఫా దాన్ని డ్రెఫస్‌కు మళ్లించింది. తర్వాత ఆ వేడుకే రద్దయింది. అప్పు తీర్చడాన్ని వేడుక ఖర్చుగా చూపించారన్నది ఇందులో తేలిన సంగతి.

ఇంతకీ ఖతార్‌కు వెళ్లిన సొమ్ము దేనికి? ఓట్లు కొనడానికని ఒక అనుమానం. ఓటింగ్ 2000లో, చెల్లింపు 2002లో అన్నది దానికి అడ్డుపడుతుంది. ముందే మాట ఇచ్చి తర్వాత తీర్చి ఉండవచ్చు కదా అన్నది ప్రతివాదం. బెకెన్‌బాయర్, 2015లో డీఎఫ్‌బీ అధ్యక్షుడిగా ఉన్న వోల్ఫ్‌గాంగ్ నీర్స్‌బాఖ్ చెప్పిన కారణం వేరు: నిర్వహణ సంఘానికి ఫిఫా నుంచి రావాల్సిన భారీ ఆర్థిక సాయాన్ని ఖాయం చేసుకోవడానికి ముందుగా ఆ సొమ్ము కట్టాల్సి వచ్చిందట. సాయం పొందడానికి సాయం చేసేవాడికే, అదీ ఖతార్‌లోని ఒక కంపెనీ ద్వారా, డబ్బు ఎందుకు కట్టాలో ఈ వివరణ చెప్పదు. అలా ఒప్పుకోవడం పొరపాటేనని బెకెన్‌బాయర్ అన్నారు, ఓట్లు కొన్నామన్న ఆరోపణను మాత్రం ఖండించారు. కాగితాలు చదవకుండానే సంతకాలు చేసేవాణ్నని కూడా చెప్పుకున్నారు. 2016 మార్చిలో వచ్చిన ఫ్రెష్‌ఫీల్డ్స్ నివేదిక ఓట్లు కొన్నారనడానికి రుజువు దొరకలేదని, అలా జరగలేదని కూడా చెప్పలేమని తేల్చింది.

జీతం తీసుకోకుండా చేసిన సేవ అన్న మాటకూ అదే ఏడాది బీటలు పడ్డాయి. ప్రపంచ కప్‌కు సంబంధించిన లాటరీ స్పాన్సర్ ఒప్పందం కింద ఆయనకు 55 లక్షల యూరోలు అందాయని వెల్లడైంది. 2018, 2022 పోటీల కేటాయింపుపై ఫిఫా విచారణకు సహకరించనందుకు అంతకుముందే, 2014లో, 90 రోజుల తాత్కాలిక నిషేధం, 2016లో 7,000 ఫ్రాంకుల జరిమానా పడ్డాయి.

కోర్టుల సంగతికొస్తే, స్విట్జర్లాండ్‌లోని బెలింజోనాలో 2020 మార్చిలో విచారణ మొదలైంది. నీర్స్‌బాఖ్‌తో పాటు మరో ముగ్గురు నిందితులు. బెకెన్‌బాయర్ ఆరోగ్యం దృష్ట్యా ఆయన కేసును విడదీశారు. కరోనా వల్ల విచారణ ఆగిపోయి ఏప్రిల్ 27తో కాలపరిమితి ముగియడంతో కేసుకు కాలదోషం పట్టింది. 2021లో ఫిఫా నైతిక విభాగం కూడా అదే కారణంతో తన కేసును మూసేసింది. కాలదోషం పట్టడం అంటే నిర్దోషి అని తేలడం కాదు, దోషి అని తేలడమూ కాదు. ఈ తేడాను రెండు పక్షాలవారూ తమకు అనువుగా మరచిపోతుంటారు.

చివరకు తీర్పు అంటూ వచ్చింది బెకెన్‌బాయర్ మరణించిన ఏడాదిన్నరకు. 67 లక్షల యూరోలను వ్యాపార ఖర్చుగా చూపి పన్ను ఎగవేసినందుకు 2025 జూన్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టు డీఎఫ్‌బీకి జరిమానా విధించింది. శిక్ష పడింది సంస్థకు. 2005లో ఆ సొమ్మును లెక్కల్లో ఎలా చూపించారన్నదే ఆ తీర్పు తేల్చింది. 2002లో అది ఖతార్‌కు ఎందుకు వెళ్లిందో ఇప్పటిదాకా ఏ కోర్టూ తేల్చలేదు.